పన్నెండో తేదీ, ఆదివారం

ఇల్లు, మూడో అంతస్తు
ఫిబ్రవరి 4, మంగళవారం

బావమరిదికి,

మేం క్షేమం. నువ్వూ క్షేమమే అనుకుంటాను. రెండేళ్ల మూడు నెలల తర్వాత నా దస్తూరి చూసి ఇదేదో నీళ్ల బిల్లనుకుని పక్కన పడెయ్యకు. పని ఉండి రాస్తున్నాను. ఫోన్‌లో మాట్లాడదామంటే నీ చెవుల సంగతి తెలిసిందే. మెసేజీ పెడదామంటే నా బటన్ల ఫోన్‌లో తెలుగు రాయడం నావల్ల కాదు.

మీ అక్క ఫోన్ అప్‌డేట్ కావడం లేదు. నువ్విచ్చిన నల్ల ఫోనే. అందులో ఆచూకీ చెప్పే యాప్ ఒకటుంది. మీ అక్క బయటికెళ్తే ఏ వీధిలో ఉందో నా ఫోన్‌కి మెసేజీ వస్తుంది. మార్చి నెలాఖరు నుంచి పాత వెర్షన్ ఫోన్లలో అది పనిచెయ్యదట. ఆ యాప్ ఆగకూడదు. ఎందుకని అడక్కు. ఆగకూడదు, అంతే.

ఇప్పటికి ఏడుసార్లు ప్రయత్నించాను. ఏడుసార్లూ ఒకేచోట ఆగింది. స్క్రీన్ మీద ఉన్నది ఉన్నట్టు దించుతున్నాను. ముప్పై రెండేళ్లు ఇంటింటికీ తిరిగి నీళ్ల మీటర్ల రీడింగ్ రాసినవాణ్ని, అంకె తప్పు పోదు.

10:42. ఆదివారం, జనవరి 12. బ్యాటరీ 64. అప్‌డేట్ విఫలమైంది. మళ్లీ ప్రయత్నించండి.

ఏం చెయ్యాలో వివరంగా రాయి. మీ అక్క బాగానే ఉంది.

మీ బావ

*

షాపు, మెట్ల కింద
ఫిబ్రవరి 11, మంగళవారం

బావగారికి నమస్కారం.

కవరు మీద మీ దస్తూరి చూసి ముందు గుండె గుభేల్‌మంది. మన వయసులో ఉత్తరం వచ్చిందంటే లెక్కలో ఎవరో ఒకరు తగ్గారనే. విప్పి చూస్తే పడకేసింది ఫోన్ ఒక్కటేనని తెలిసి, టీ చెప్పుకుని తాపీగా చదివాను.

అప్‌డేట్ కాకపోవడం జబ్బు కాదండీ, జ్వరం లాంటిది. లోపల వేరే ఏదో ఉంటుంది, దాన్ని వెతకాలి. నేను ఏ కాలేజీ గుమ్మమూ తొక్కలేదని మీకు తెలుసు. పద్నాలుగో ఏట పాత కాగితాల కొట్లో రేడియోలు బాగుచేసే పుస్తకం ఒకటి దొరికింది. అట్ట లేదు, మొదటి నలభై పేజీలు లేవు, అది ఏ భాషో కూడా తెలీదు. బొమ్మలు చూసి నేర్చుకున్నాను. అందుకే ఇప్పటికీ ఏ మిషనైనా నాకు నలభై ఒకటో పేజీ నుంచే అర్థమవుతుంది. మొదట్లో ఏం చెప్పారో మాత్రం ఎవరినీ అడగలేకపోయాను.

సరే, విషయానికొస్తాను. బ్యాటరీ అరవై నాలుగన్నారు. అది సరిపోదని కాదు గానీ, వైరు పెట్టి నిండా ఎక్కనివ్వండి. వైరు తియ్యకుండానే అప్‌డేట్ మొదలుపెట్టండి. మధ్యలో నీరసపడితే ఫోన్ ఏకంగా రాయైపోతుంది. తర్వాత లోపల ఖాళీ ఉందో లేదో చూడండి. మొన్నామధ్య రిటైరైన పోలీసాయన ఒకడు ఇదే బాధతో వచ్చాడు. చూద్దును కదా, పొద్దున్నే వాళ్లూ వీళ్లూ పంపిన శుభోదయం పూల బొమ్మలు పదకొండు వేలు! తీసేద్దామా అంటే ఒప్పుకోడు. "పంపినవాళ్లు బాధపడరూ?" అన్నాడు. ముప్పై ఏళ్లు లాఠీ పట్టిన చెయ్యి, గులాబీ బొమ్మ మీద వేలు పెట్టి తుడవలేకపోయింది. చివరికి ఇద్దరం కూర్చుని ఏ పువ్వుకాపువ్వు చూసి వీడ్కోలు చెప్పేసరికి షాపు మూసే వేళైంది.

మీరలా పూలకి మొహమాటపడరు కాబట్టి ఖాళీ చెయ్యండి. ఒకసారి పూర్తిగా ఆర్పి వెలిగించండి. ఇంటర్నెట్ మంచిది చూసుకోండి, దారిలో తెగిపోయే రకం కాకుండా. అప్పటికీ కాకపోతే స్క్రీన్ మీదిది మళ్లీ ఇలాగే దించి పంపండి. మీలా రాసేవాళ్లుంటే మెకానిక్‌కి సగం పని తప్పినట్టే. మామూలుగా నాకొచ్చే ఫిర్యాదు "ఏదో అంటోందండీ" అంతే.

అక్క బాగానే ఉందని రాశారు. సంతోషం. నన్ను అడిగిందని రాయలేదు. అదీ గమనించాను.

మీ బావమరిది

*

ఇల్లు
ఫిబ్రవరి 21, శుక్రవారం

బావమరిదికి,

నువ్వు చెప్పినవన్నీ వరసగా చేశాను. బ్యాటరీ నూరు ఎక్కించాను. ఆర్పి వెలిగించాను. ఇంటర్నెట్ కింది అంతస్తు దర్జీది. మంచివాడు, పాస్‌వర్డ్ కాగితం మీద రాసిచ్చాడు.

ఖాళీ చెయ్యడానికి లోపల చూస్తే ఫోటోలు ఆరువందల నలభై ఉన్నాయి. అన్నీ ఒకటే. మంచినీళ్ల గ్లాసుని కిటికీ వెలుగుకి పట్టి తీసినవి. మీ అక్క తీసింది. యాభై ఉంచి మిగతావి తీసేశాను. మనసొప్పలేదు గానీ తీసేశాను.

ఫలితం: 4:15. ఆదివారం, జనవరి 12. బ్యాటరీ 100. అప్‌డేట్ విఫలమైంది. మళ్లీ ప్రయత్నించండి.

ఇది పదకొండోసారి. నెలాఖరు దాటితే ఇంకొక్క నెలే ఉంది. ఈ ఫోన్ నీ షాపుకి పంపమనకు, నాలుగు రోజులు కాదు కదా, నాలుగు గంటలు కూడా మీ అక్క చేతిలోంచి వదల్లేను.

మీ బావ

*

షాపు
మార్చి 1, శనివారం

బావగారూ,

మీ రెండు ఉత్తరాలూ బల్ల మీద పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను. ఒక గిరాకీ వచ్చి "ఏంటి తాతా, ప్రేమలేఖలా?" అంది. అవునన్నాను. మీకు అభ్యంతరం లేదనుకుంటాను.

పైన మీరు వేసిన తేదీలు చూడండి. ఒకటి మంగళవారం, ఇంకోటి శుక్రవారం. స్క్రీన్ మీదిది చూడండి. రెండుసార్లూ జనవరి 12, ఆదివారమే. అబద్ధమాడాలనుకున్నవాడెవడైనా ఆ ముక్క వదిలేసి మిగతాది రాస్తాడు. మీరు మీటరు మనిషి. కనపడ్డ అంకె రాయకపోతే మీకు నిద్రపట్టదు. దొరికిపోయారు.

జ్వరం ఎక్కడుందో తెలిసింది. అప్‌డేట్ కావాలని ఫోన్ కంపెనీ వాళ్ల గుమ్మంలోకెళ్లి అడుగుతుంది. వాళ్లు "మేం నిఖార్సైనవాళ్లమే" అని ఒక చీటీ చూపిస్తారు. ఆ చీటీ మీద ఫలానా రోజు నుంచి చెల్లుతుందని ఉంటుంది, ఏ ఫిబ్రవరో అనుకోండి. మన ఫోన్ ఇంకా జనవరిలోనే కూర్చునుంది. ఇంకా పుట్టని చీటీ చూపిస్తున్నారేంటి, వీళ్లెవరో దొంగలని తలుపేసుకుంటుంది. పదకొండుసార్లూ పాపం అది తన పని తను సరిగ్గానే చేసింది. తేదీ సరిచెయ్యండి, అప్‌డేట్ అవుతుంది. మరమ్మతు ఇంతే.

కానీ నాకు నిద్రపట్టలేదు. ఫోన్ తేదీ దానంతటది తప్పదు. ఒకవేళ తప్పినా, మర్నాటికి ఒక రోజు ముందుకి నడుస్తుంది కదా! జనవరి 12న ఆగి ఉండాలంటే ఎవరో రోజూ దాన్ని పట్టుకుని వెనక్కి లాగాలి. రోజూ, బావగారూ! పళ్లు తోముకున్నట్టు.

నాలుగు గంటలు కూడా చేతిలోంచి వదల్లేనన్నారు. గ్లాసుని వెలుగుకి పట్టిన ఫోటోలన్నారు. అడక్కన్నారు. నేను అడుగుతున్నాను. మీ ఇంట్లో అన్ని ఆదివారాలు ఎవరికి కావాలి?

మీ బావమరిది

*

ఇల్లు
మార్చి 9, నిజంగానే ఆదివారం

బావమరిదికి,

రాయకూడదని కాదు. రాసిన అంకెకి బిల్లొస్తుంది. అందుకని రాయలేదు.

మీ అక్కకి మతి పోతోంది. డాక్టరు దానికి పొడుగాటి పేరొకటి చెప్పాడు, రాసుకొచ్చాను, కానీ పేరుతో పనేముంది. నన్ను గుర్తుపడుతుంది. ఇంటిని ఒక్కోసారి గుర్తుపట్టదు. మాకు తెలిసి ఏడాదిన్నర. డాక్టరు మాత్రం ఇది మొదలై మూడేళ్ల పైనే అయ్యుంటుందన్నాడు.

తను సీసాల ఫ్యాక్టరీలో చేసిన పని నీకు తెలుసు కదా. ఇరవై తొమ్మిదేళ్లు దీపం ముందు కూర్చుని, ఒక్కో సీసా వెలుగుకి పట్టి చూసి, పగులున్నవి పక్కకి తీసేది. ఆ ఫ్యాక్టరీ మూతపడి ఆరేళ్లైంది. ఇప్పుడు పొద్దున్నే ఐదింటికి లేస్తుంది. జడ వేసుకుంటుంది. సంచి సర్దుకుంటుంది. "షిఫ్టుకి టైమైంది" అంటుంది. మూసేశారే, అని చెప్పాను. ఏడ్చింది. మర్నాడు మళ్లీ లేచింది, మళ్లీ చెప్పాను, అప్పుడే మొదటిసారి విన్నట్టు మళ్లీ ఏడ్చింది. రోజూ పొద్దున్నే మనిషికి ఉద్యోగం ఊడబెరికే పని ఎవడు చెయ్యగలడు? చెప్పడం మానేశాను. మానేస్తే వెళ్లిపోయింది. నవంబర్లో రెండుసార్లు, డిసెంబర్లో ఒకసారి. ఆ యాప్ ఉండబట్టి దొరికింది. ఒకసారి లారీలు తిరిగే రోడ్డు మధ్యలో.

జనవరి 12 నిజంగా ఆదివారమే. ఆ పొద్దున లేచి ఫోన్ చూసుకుని, "అమ్మయ్య, ఇవాళ ఆదివారం కదూ!" అంది. మంచం మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. టీ అడిగింది. రోజంతా హాయిగా, మునుపటి మనిషిలా ఉంది. నన్ను ఆటపట్టించింది కూడా. గోడ క్యాలెండర్ చూపించినా నమ్మదు, నా మాటా నమ్మదు, ఫోన్ చెబితే నమ్ముతుంది. మర్నాడు తను లేవకముందే తేదీ వెనక్కి తిప్పాను. నేను పుట్టి బుద్ధెరిగాక మార్చిన మొదటి రీడింగ్ అది.

తేదీ తిప్పాక ఆచూకీ మెసేజీలు కూడా రావడం మానేశాయి. ఫోన్ పాతబడి అనుకుని ఆ సంగతి నీకు రాయలేదు. ఇప్పుడు నువ్వు చెబుతుంటే అర్థమవుతోంది. ఆదివారం ఉంచితే ఇంట్లో ఉంటుంది, కానీ పొరపాటున గడప దాటితే నాకు దొరకదు. తేదీ సరిచేస్తే దొరుకుతుంది, కానీ రోజూ వెళ్తుంది. నాకు డెబ్బై నాలుగు. రోజూ వెతకలేను. ఏది ఉంచమంటావు?

మీ బావ

*

షాపు
మార్చి 17, సోమవారం

బావగారూ,

మూడేళ్ల పైనే అని రాశారు. ఆ ముక్క దగ్గర ఆగిపోయాను. వారం పట్టింది మళ్లీ కలం పట్టడానికి.

నేను మీ ఇంటికి రావడం ఎందుకు మానేశానో మీరెప్పుడూ అడగలేదు. అమ్మ కుట్టుమిషన్ గొడవేననుకుని ఉంటారు. అమ్మ పోయాక ఆ మిషన్ చక్రం తీసి సానరాయికి బిగించుకున్న మాట నిజమే. అక్క అగ్గి మీద గుగ్గిలమైన మాటా నిజమే. కానీ అది కాదు. నెల్లాళ్లు ఆగి, సానరాయి పీకేసి, చక్రం తళతళా తోమి, సంచిలో వేసుకుని మీ ఇంటికొచ్చాను. మీరు లేరు. అక్క తలుపు తీసింది. నన్ను పైనుంచి కిందికి చూసి, "ఎవరు కావాలండీ?" అంది.

చిన్నప్పుడు మాకొక ఆట ఉండేది. కొట్టుకున్నాక ఒకరికొకరం తెలియనట్టు నటించేవాళ్లం. "ఎవరండీ తమరు?" "దారిన పోయేవాణ్నండీ." ఎవరికి ముందు నవ్వొస్తే వాళ్లు ఓడినట్టు. అక్క గొప్ప నటి, అరగంటైనా పెదవి కదిలేది కాదు. నేనూ బింకంగా, "పొరపాటున వచ్చానండీ" అన్నాను. నవ్వుతుందని నిలబడ్డాను. "ఫర్వాలేదండీ" అని తలుపేసింది. నవ్వు లేదు. ఆట కాదన్నమాట, నిజంగానే తెగతెంపులు చేసుకుందనుకున్నాను. సంచి మోసుకుంటూ మెట్లు దిగి వచ్చేశాను. రెండేళ్లు అలిగి కూర్చున్నాను బావగారూ. మీ దర్జీకైనా చెప్పి వెళ్లుంటే, మీకొక్క ముక్క రాసుంటే, "అక్క నన్ను గుర్తుపట్టలేదు" అని నోరు తెరిచి అనుంటే, మీకు ఆ రోజే తెలిసేది. డాక్టరు దగ్గరికి అప్పుడే వెళ్లేవారు. మిషన్లలో ఎక్కడ ఏ వైరు ఊడిందో వాసన చూసి చెప్పేవాణ్ని. నా ఎదురుగా గుమ్మంలో నిలబడ్డ మనిషిలో ఏది ఊడిందో కనిపెట్టలేక, పౌరుషం చూపించుకుని వచ్చాను.

ఇక ఇది చదవడం చాలించి పనిలోకి దిగండి. ఏది ఉంచాలని అడిగారు. రెండూ ఉంచుదాం. ఫోన్ లోపల తేదీ నిజంది ఉంటుంది, పైన అక్కకి మాత్రం ఆదివారం కనపడుతుంది. ఈ కవర్లో ఫోన్‌లో దూర్చే గోరంత మెమరీ కార్డు ఒకటి పెట్టాను, జాగ్రత్త, తుమ్మితే ఎగిరిపోతుంది. అందులో ఒక బొమ్మ ఉంది. నల్లటి బొమ్మ మీద తెల్లగా "ఆదివారం" అని నేనే అచ్చం గడియారం అక్షరాల్లా తయారుచేశాను. మూడు రోజులు పట్టింది. దాన్ని తెర మీద పెట్టడం, అసలు తేదీని దాచడం ఎలాగో విడి కాగితం మీద రాశాను.

కానీ వరస ముఖ్యం. ముందు తేదీ సరిచెయ్యండి. తర్వాత అప్‌డేట్. ఒక గంట పడుతుంది, మధ్యలో ఆర్పి వెలిగించుకుంటుంది. ఆ తర్వాతే బొమ్మ. ఆ గంటసేపూ ఫోన్ నిజమే చెబుతుంది. అక్క నిద్రపోతున్నప్పుడు చెయ్యండి.

రావాలని ఉంది. గుమ్మంలో ఆ మాట ఇంకోసారి పడేంత ధైర్యం మాత్రం ఇంకా రాలేదు.

మీ బావమరిది

*

ఇల్లు
ఏప్రిల్ 2, బుధవారం

బావమరిదికి,

అప్‌డేట్ అయింది. ముందు ఆ ముక్క రాసి తర్వాత మిగతాది రాస్తాను.

గడువు మీదికొచ్చేదాకా చెయ్యి రాలేదు. పోయిన బుధవారం, 26న, మధ్యాహ్నం రెండింటికి మీ అక్క నిద్రపోయింది. తేదీ సరిచేశాను. వైరు పెట్టాను. నువ్వు చెప్పినట్టే మొదలైంది. 2:25కి ముప్పై ఒకటి దగ్గర ఆగింది. పది నిమిషాలు చూశాను, కదల్లేదు. ఇంటర్నెట్ పోయిందేమోనని కిందికెళ్లాను. దర్జీ ఇస్త్రీ పెట్టె కోసం ఇంటర్నెట్ డబ్బా ప్లగ్గు పీకాడు. "అయ్యో, మీరు వాడుతున్నారా తాతగారూ" అని మళ్లీ పెట్టాడు. డబ్బా దీపాలు వెలిగేదాకా అక్కడే నిలబడ్డాను. పావుగంట. మెట్లెక్కడానికి ఇంకో ఐదు నిమిషాలు.

నేను వచ్చేసరికి ఫోన్ వైరుకి వేలాడుతోంది. మంచం ఖాళీ. తలుపు తీసుంది. సంచి లేదు. లేచి చూసుకుని ఉంటుంది, బుధవారం కనపడి ఉంటుంది, టైమైపోయిందని పరిగెత్తి ఉంటుంది. ఎప్పుడూ ఫోన్ వదలని మనిషి, వైరుకి ఉందని వదిలేసి వెళ్లింది. ఎంత ఛార్జింగ్ ఎక్కిందో చూడకుండా తియ్యకూడదని నేనే నేర్పాను. నేను చూస్తుండగానే స్క్రీన్ వెలిగింది. దించుతున్నాను.

3:02. బుధవారం, మార్చి 26. బ్యాటరీ 100. అప్‌డేట్ విజయవంతంగా పూర్తయింది.

ఆచూకీ యాప్ కూడా వెంటనే పనిచేసింది. జేబులో నా ఫోన్ మోగింది. "ఇంట్లోనే ఉన్నారు" అని మెసేజీ.

దర్జీ కొట్టు మూసి నాతో వచ్చాడు. రాత్రి తొమ్మిదింటికి దొరికింది. ఫ్యాక్టరీ ఉన్నచోటు ఇప్పుడు లారీలు నిలిపే ఖాళీ స్థలం. చుట్టూ కంచె. కంచె పట్టుకుని నిలబడుంది. కాపలావాడు వెళ్లిపొమ్మంటే, "కనీసం ఒక సీసా ఇవ్వు, చూసి వెళ్తాను" అందట. వాడు తాగిపడేసిన సీసా ఒకటి ఇచ్చాడు. దాన్ని లారీ దీపానికి పట్టి చూస్తోంది. ముళ్లతీగ గీసుకుని అరచెయ్యి తెగింది. చెప్పు ఒకటి లేదు. నన్ను చూసి, "ఇంత ఆలస్యంగా వచ్చావేం? అందరూ వెళ్లిపోయారు" అంది.

నీ బొమ్మ మర్నాడే పెట్టాను. ఆదివారం కనపడుతోంది. యాప్ నడుస్తోంది. నువ్వు చేసిన పనిలో లోపం లేదు. ఆ పావుగంట నాది.

మీ బావ

*

ఇల్లు
తేదీ ఫోన్‌నే అడగాలి, అది చెప్పదు

మెకానిక్ గారికి నమస్కారం.

నేనెవరో మీకు తెలీదు. మా ఆయన సొరుగులో మీ షాపు అడ్రసున్న కవర్లు కనిపించాయి. కవర్లే చూశాను, లోపలి కాగితాలు చదవలేదు. ఒకరికి రాసిన ఉత్తరం ఇంకొకరు చదవకూడదు కదా. ఫోన్ గురించే ఆయన మీకు రాస్తున్నాడని ఊహించాను. ఇది కింది దర్జీ చేత పోస్టులో వేయిస్తున్నాను.

నా ఫోన్ పాడైంది. ఎప్పుడు చూసినా ఆదివారమే అంటోంది. ముందు నేనూ నమ్మాను. కానీ ఎన్ని ఆదివారాలండీ! పైగా ఈమధ్య ఆ అక్షరాలు గడియారంవి కావు, ఎవరో అతికించినవి. 'ది' పక్కన అంచు ఒక వెంట్రుకంత వంగింది. మీకు కనపడకపోవచ్చు. నేను సీసాలు చూసే మనిషిని, నాకు కనపడుతుంది.

ఆయనకి చెప్పలేదు. ఫోన్ బాగైందని మురిసిపోతున్నాడు. పొద్దున్నే నా మొహం వంక చూస్తాడు. "ఆదివారం కదూ" అంటే చాలు, ఆయన భుజాలు కిందికి దిగుతాయి. అందుకని అంటున్నాను. కూర్చుంటున్నాను. కానీ ఎన్నాళ్లని కూర్చోను? నా బల్ల దగ్గర ఎవరో కొత్తవాళ్లని కూర్చోబెట్టి ఉంటారు. వాళ్లకి చూపు ఆనకపోతే? పగిలిన సీసా ఒక్కటి బయటికి పోయినా ఎవరి పెదవో తెగుతుంది. ఆ భయం నన్ను వదలడం లేదు. ఇది ఆయనకి చెబితే అర్థం కాదు.

కొంచెం చూసి బాగుచేసి పెట్టండి. మా తమ్ముడు కూడా ఈ పనే చేస్తాడు. వాడుంటే మీకీ శ్రమ ఉండేది కాదు. నోరు ఊరుకోదు గానీ చెయ్యి మంచిది. రావడం మానేశాడు. ఏమన్నానో ఏమో, వాడికి కోపం వచ్చింది. ఏమన్నానో గుర్తుచేసుకుందామని చాలాసార్లు కూర్చున్నాను. గుర్తు రాలేదు.

ఇట్లు,
సీసాల సెక్షన్, తనిఖీ

*

షాపు
ఏప్రిల్ 14, సోమవారం

బావగారూ,

అక్క నాకు ఉత్తరం రాసింది. దర్జీని తిట్టకండి. దాన్ని మీకు పంపను, ఒకరికి రాసింది ఇంకొకరు చదవకూడదట. ఒక్కటి చెబుతాను. ఆ పావుగంట ఒక్కటే మీదైతే, రెండేళ్లు నావి. ఆ పద్దు గురించి ఇక ఒకరికొకరం రాసుకోవద్దు.

షాపు తాళం టీ కొట్టాయన చేతికిచ్చాను. గురువారం పొద్దున్నే వస్తాను. కింద దర్జీ పక్కన గది ఏదైనా ఖాళీగా ఉంటే నెలలకి మాట్లాడి పెట్టండి. తమ్ముడు వస్తున్నాడని మాత్రం చెప్పకండి. తమ్ముణ్నంటూ వస్తే ఎవడో ముసలాడు లోపలికి దూరుతున్నాడని భయపడుతుంది. మెకానిక్ అని చెప్పండి. మెకానిక్ కోసం ఎదురుచూస్తోంది.

లోపలి కాగితం తనకివ్వండి.

*

షాపు
ఏప్రిల్ 14

అమ్మగారికి నమస్కారం.

మీ ఉత్తరం అందింది. మీరు చెప్పిన లోపం నిజమే. అంచు వంగింది. నేనే చేశాను, నాకు కనపడలేదు.

ఫ్యాక్టరీ సంగతి తెలిసినవాళ్లని కనుక్కున్నాను. మీ బల్ల దగ్గర ఎవరినీ కూర్చోబెట్టలేదు. మీరు పని ఆపిన రోజు నుంచి ఇవాళ్టిదాకా పగిలిన సీసా ఒక్కటి కూడా అక్కణ్నుంచి బయటికి పోలేదు. ఈ రెండు మాటలూ నిజం. మీరు స్థిమితంగా ఉండొచ్చు.

మీ తమ్ముడు నాకు తెలుసు. అతనికి కోపం లేదు. మీరేమీ అనలేదు. తప్పుగా విన్నది అతనే. ఇక గుర్తుచేసుకోవద్దు.

మీ ఫోన్ ఒక్కసారి చూసి వదిలేసే రకం కాదు. రోజూ చూడాలి. గురువారం నుంచి రోజూ పొద్దున్నే ఐదింటికి వస్తాను. అప్పటిదాకా దాన్ని చేతిలోంచి వదలకండి. గడప దాటవలసి వస్తే, వైరుకి ఉన్నా సరే, ఎంత ఎక్కిందో చూడకుండా పీకి పట్టుకెళ్లండి.

ఇట్లు,
మెకానిక్